కోడి కూయకముందే మెలకువ

కలిగిరి మండలం దూబగుంట పేరు చెప్పగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది సారా ఉద్యమం. అక్షరాస్యత కార్యక్రమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా వల్ల బాధలు పడ్డ సీతమ్మ కథ చదివారు. అది అచ్చం తమ కథేనని గుర్తుపట్టి, తమలో ఒకరైన రోశమ్మ ముందు నడవగా ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1992లో ఆ కదలిక నెల్లూరు జిల్లా అంతా పాకి సారా వేలంపాటలకే అడ్డం పడింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో ఎత్తేశారు. ఈ చరిత్ర రాసినవాళ్లు ఆవిరైపోయిన కూలిడబ్బుల గురించి రాశారు, దెబ్బల గురించి రాశారు, ఓట్ల గురించి రాశారు. నిద్ర గురించి రాసింది తక్కువ. పగలంతా చేలో వంగి, చీకటి పడ్డాక పలక పట్టి, ఆ తర్వాత తాగి వచ్చే మనిషి కోసం తలుపు దగ్గర మెలకువగా కూర్చున్న ఆడవాళ్ల ఉద్యమం అది. వాళ్లు పోగొట్టుకున్నవాటిలో నిద్రను కూడా లెక్కేయాలి.

ఈ అధ్యాయం నిద్రలేమి గురించి, దాన్ని వెంటబెట్టుకొచ్చే డిప్రెషన్, బైపోలార్ జబ్బుల గురించి. దూబగుంటతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో మనేద పట్టి నిద్ర రాని మగవాడికి డాక్టరు కంటే ముందు దొరికేది మందు సీసా. అప్పట్లో ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో పోసి అమ్మింది. ఇప్పుడు ప్యాకెట్టు పోయి సీసా వచ్చింది, అంతే తేడా. ‘రెండు గుక్కలు పడితే గానీ కన్ను మూతపడదు’ అనే మాటలో అబద్ధం లేదు. సగం నిజం మాత్రమే ఉంది.

మద్యం మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, గ్లుటమేట్ అనే ఉత్తేజకం పనిని అణుస్తుంది. అందుకే పడుకోగానే నిద్ర ముంచుకొస్తుంది. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర కూడా ఎక్కువే ఉంటుంది. కలలు వచ్చే రెమ్ నిద్ర మాత్రం అణగిపోతుంది. కాలేయం తన పని తాను చేసుకుంటూ పోయి నాలుగైదు గంటల్లో రక్తంలోని మద్యాన్ని చాలావరకు దించేశాక కథ తిరగబడుతుంది. అణిగి ఉన్న ఉత్తేజకాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. గుండె దడ, చెమట, దాహం, మూత్రానికి లేవడం, పీడకల. రెండింటికో మూడింటికో కళ్లు తెరుచుకుంటాయి, మళ్లీ మూతపడవు. ఆ వేళ మెలకువగా ఉన్న బుర్రలోకి అప్పులూ అవమానాలూ వరుసకట్టి వస్తాయి. మర్నాడంతా నీరసం, చిరాకు. పొద్దు గూకేసరికి మళ్లీ అదే మందు. ఇలా కొన్నేళ్లు సాగితే డిప్రెషన్ ముందా, తాగుడు ముందా, నిద్రలేమి ముందా అని విడదీయడం డాక్టరుకే కష్టం.

మానేసినవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. తాగుడు మానేశాక నిద్ర వెంటనే బాగుపడదు. వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ‘మానేస్తే ఇంకా ఘోరంగా ఉంది’ అనుకుని మళ్లీ సీసా పట్టేవాళ్లలో చాలామందిని వెనక్కి లాగేది ఈ నిద్ర పట్టని రాత్రులే. ముందే చెప్పి ఉంటే కొంతమందైనా ఓపిక పట్టేవాళ్లు. ఇంకో మాట. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి ప్రాణం మీదికి రావచ్చు. ప్రమాణం చేయించి గదిలో పెట్టి తాళం వేసే పద్ధతి ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో మానిపించాలి.

అసలు నిద్ర ఎలా వస్తుందో చూద్దాం. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో చెప్పిన నమూనా ఇప్పటికీ నిలబడి ఉంది. నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. మొదటిది నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తుంటే అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. వానాకాలంలో చెరువుకు నీళ్లు చేరినట్టు పొద్దున్నుంచి రాత్రిదాకా అది నిండుతుంది, నిద్రలో ఖాళీ అవుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నవాడికి రాత్రి పదింటికి చెరువు నిండి ఉండదు. టీ, కాఫీల్లోని కెఫీన్ చేసేది అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చోవడం. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి బంకు దగ్గర తాగిన టీ పదకొండింటికి కూడా సగం పనిచేస్తూనే ఉంటుందన్నమాట.

రెండోది గడియారం. కళ్ల వెనక, మెదడు అడుగు భాగంలో ఉండే చిన్న కణాల గుంపు ఒకటి ఒంటికంతటికీ వేళ చెబుతుంది. దాన్ని రోజూ సరిచేసేది వెలుగు. కంటి రెటీనాలో చూపుకు సంబంధం లేకుండా, వెలుగు ఉందా లేదా అని మాత్రమే ఈ గడియారానికి చేరవేసే కణాలు ప్రత్యేకంగా ఉన్నాయని 2002లో తేలింది. నీలి వెలుగుకు అవి ఎక్కువగా స్పందిస్తాయి. పొద్దుటి ఎండ గడియారాన్ని ముందుకు తిప్పుతుంది, రాత్రి పొద్దుపోయాక చూసే ఫోను వెలుగు వెనక్కి తిప్పుతుంది.

మనసు జబ్బు పడితే ఈ రెండూ చెదురుతాయి. డిప్రెషన్‌లో ఒక రకం ఉంది. నిద్ర బాగానే పడుతుంది, కానీ మామూలు వేళ కంటే రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందు, కోడి కూయకముందే, మెలకువ వచ్చేస్తుంది. రోజంతటిలో మనసు అతి బరువుగా ఉండేది ఆ వేళే. సాయంత్రానికి కొంచెం తేలికపడుతుంది. పల్లెలో మబ్బునే లేవడం మంచి అలవాటు కింద లెక్క కాబట్టి ఈ లక్షణం ఎవరి కంటా పడదు. పాలు పితకడానికి లేచిన మనిషికీ, లేచి గొడ్ల చావిడి గోడకు ఆనుకుని కూర్చుండిపోయిన మనిషికీ తేడా గమనించాలి. ఇంకొందరికి పడుకున్నాక గంటలకొద్దీ నిద్ర రాదు. కొందరు, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లు, పన్నెండు గంటలు పడుకుని కూడా అలిసిపోయే లేస్తారు. నిద్రను యంత్రంతో కొలిచినప్పుడు డిప్రెషన్ ఉన్న చాలామందిలో రెమ్ నిద్ర మామూలు కంటే తొందరగా మొదలవడం కనిపిస్తుంది. అమెరికా మనోవైద్యుడు డేవిడ్ కుప్ఫర్ 1970లలోనే దాన్ని జబ్బు గుర్తుగా ప్రతిపాదించాడు.

చాలాకాలం వైద్యులు నిద్రలేమిని డిప్రెషన్‌కు తోకగానే చూశారు. జబ్బు తగ్గితే నిద్ర అదే వస్తుందిలే అన్న ధోరణి. 1989లో ఫోర్డ్, కామెరో అనే ఇద్దరు 7,954 మంది అమెరికన్ల మీద జరిగిన సర్వే ఫలితాలు ప్రకటించాక ఆ నమ్మకం సడలింది. నిద్రలేమి ఉన్నవాళ్లలో 40 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉంది, లేనివాళ్లలో 16 శాతానికే. అంతకంటే ముఖ్యమైనది, ఏడాది తర్వాత కూడా నిద్ర బాగుపడనివాళ్లలో కొత్తగా డిప్రెషన్ మొదలయ్యే ముప్పు చాలా ఎక్కువగా కనిపించింది. ఇలాంటి అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, డిప్రెషన్ లేని మనిషికి నిద్రలేమి ఉంటే తర్వాత డిప్రెషన్ వచ్చే అవకాశం సుమారు రెట్టింపని తేలింది. అంటే తోక అనుకున్నది ముందు నడుస్తోంది.

మరి నిద్రను విడిగా బాగుచేస్తే మనసు బాగుపడుతుందా? 2008లో రేచల్ మాన్బర్ బృందం 30 మందితో చేసిన చిన్న ప్రయోగంలో, డిప్రెషన్ మాత్రకు, ముందు ముందు వివరించబోయే మాత్రల్లేని నిద్ర చికిత్స జోడించినవాళ్లలో 61.5 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, జోడించనివాళ్లలో 33.3 శాతమే. ఈ అంకెలు చూసి చాలామంది సంబరపడ్డారు. అదే బృందం 150 మందితో చేసి 2016లో ప్రకటించిన పెద్ద ప్రయోగంలో అంత తేడా రాలేదు. నిద్ర బాగుపడింది, డిప్రెషన్ విషయంలో రెండు గుంపులూ ఇంచుమించు ఒకటిగానే నిలిచాయి. అయితే చికిత్స మొదట్లోనే నిద్ర కుదుటపడినవాళ్లు తర్వాత డిప్రెషన్ నుంచీ బయటపడే అవకాశం ఎక్కువగా కనిపించింది. నా తీర్పు ఇది: నిద్ర చికిత్స డిప్రెషన్ మందుకు బదులు కాదు, దాని పక్కన నిలబడవలసిన రెండో చికిత్స. మాత్ర రాసి నిద్ర గురించి ఒక్క ప్రశ్నైనా అడగకుండా పంపేస్తే వైద్యం సగమే జరిగినట్టు.

బైపోలార్ దగ్గరికి వస్తే నిద్ర ఇంకా పదునైన విషయం. ఈ జబ్బులో మనిషి కొన్నాళ్లు కుంగిపోతాడు, కొన్నాళ్లు హద్దు దాటి పొంగిపోతాడు. పొంగిన దశను మానియా అంటారు. ఆ దశ గుర్తు నిద్ర పట్టకపోవడం కాదు, నిద్ర అక్కర్లేకపోవడం. ‘మా నాయన రెండు దినాలుగా కన్ను మూయలా, అయినా హుషారుగా ఉండాడు’ అని ఇంట్లోవాళ్లు అనే మాట ఏ రక్తపరీక్షకూ తీసిపోని సమాచారం. మామూలు నిద్రలేమిలో మర్నాడు ఒళ్లు పడిపోతుంది. ఇక్కడ మూడు గంటలు పడుకుని లేచిన మనిషి కొత్త వ్యాపారం పెడతానంటాడు, అప్పు తెస్తాడు, ఆగకుండా మాట్లాడతాడు, కాదన్నవాళ్ల మీద విరుచుకుపడతాడు. చాలామందిలో ఈ దశకు కొన్ని రోజుల ముందే నిద్ర తగ్గడం మొదలవుతుంది. దాన్ని మొదట చూసేది ఒకే కప్పు కింద పడుకునే భార్యో తల్లో. డాక్టరు చూసేది చివరన.

నిద్ర తగ్గడం మానియాకు గుర్తు మాత్రమేనా, కారణం కూడానా? థామస్ వెర్, డేవిడ్ సాక్, నార్మన్ రోసెంతాల్ 1987లో రాసిన వ్యాసంలో గట్టి వాదన చేశారు. చావు, పెళ్లి, ప్రయాణం, పసిబిడ్డ ఏడుపు, మందు బిళ్ల, ఇలా వేర్వేరు కారణాలన్నీ చివరికి నిద్రను కోసే దారిలోనే మానియాకు చేరుకుంటాయని. దీనికి అద్దంలో బొమ్మలాంటి సంగతి ఇంకొకటి ఉంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లను ఒక రాత్రంతా మేల్కొల్పి ఉంచితే సుమారు సగం మందికి మర్నాడు మనసు తేలికపడుతుంది. 1970ల మొదట్లోనే జర్మనీ వైద్యులు దీన్ని పద్ధతిగా గమనించారు. కానీ తర్వాతి రాత్రి పడుకుని లేచేసరికి ఆ మేలు చాలామందిలో మాయం. ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదిది, బైపోలార్ ఉన్నవాళ్లకైతే నిప్పుతో చెలగాటం. జాగరణ ఒక రాత్రిలోనే మనసును అటూ ఇటూ విసరగలదని చెప్పడానికే ఇక్కడ రాశాను.

ఇప్పుడు దీన్ని కలిగిరి పొగాకు చేలలోకి తీసుకెళ్దాం. కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది, మర్రిపాడు మండలం డీసీ పల్లిలో ఇంకొకటి ఉంది. వర్జీనియా ఆకు కోసి, కర్రలకు అల్లి, ఆకు కాల్చే బ్యారన్‌లో ఎక్కించాక ఐదారు రోజులు మంట ఆరకూడదు. మొదట ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆరాలి, చివరికి ఈనె ఎండాలి. ఒక్కో దశకు ఒక్కో వేడి. రాత్రి కునుకు తీస్తే వేడి తప్పుతుంది, ఆకు రంగు తప్పుతుంది, వేలంలో ధర తప్పుతుంది. అందుకని ఒకరు మంట దగ్గర కాపలా ఉంటారు. ఒక బ్యారన్ దించగానే ఇంకొకటి. పచ్చి ఆకు తడి మీద చేత్తో పట్టుకున్నప్పుడు చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి ఎక్కి వాంతులు, తలతిరుగుడు తెచ్చే జబ్బు కూడా ఉంది. నికోటిన్ నిద్ర చెడగొట్టే పదార్థమని వేరే చెప్పనక్కర్లేదు. ఆ పైన పెట్టుబడి మనేద, కౌలు మనేద. వంశంలో బైపోలార్ ఉన్న కుర్రవాడికి వరసగా పది రాత్రుల కాపలా ఎంత ప్రమాదమో వెర్ వ్యాసం చదవకపోయినా అర్థమవుతుంది. బ్యారన్ పని మానమని ఎవరూ చెప్పలేరు. రాత్రిని ఇద్దరు పంచుకోవచ్చు. జబ్బు ఉన్న మనిషికి పగటి వంతు ఇచ్చి, రాత్రి వంతు అన్నదమ్ములో బావమరిదో తీసుకోవచ్చు. ఇది మందుల చీటీలో రాయని వైద్యం.

శివరాత్రి జాగరణ, పెళ్లి ముందటి రాత్రులు, హైదరాబాదు, బెంగళూరు రాత్రి బస్సులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. జాగరణ చేయకపోతే శివుడికి కోపం రాదు. అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది బాలింతల విషయంలో. బైపోలార్ ఉన్న ఆడమనిషికి కాన్పు తర్వాతి మొదటి వారాలు జబ్బు తిరగబెట్టే కాలాల్లో అతి ముఖ్యమైనవి. రాత్రి బిడ్డను చూసుకునే పని అమ్మమ్మో నాయనమ్మో తీసుకుంటే తల్లికి ఏకబిగిన ఐదారు గంటల నిద్ర దక్కుతుంది. ఆ నిద్రను మందుతో సమానంగా చూడాలి.

మందు అన్నాను కాబట్టి లిథియం గురించి ఒక మాట. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మానియాకు వాడి చూసిన ఈ లవణం ఇప్పటికీ బైపోలార్ చికిత్సలో మూలస్తంభం. ఒంటి గడియారం మీద కూడా అది పనిచేస్తుంది. కానీ మంచి చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య ఎడం తక్కువ, అందుకే అప్పుడప్పుడు రక్తంలో ఎంత ఉందో పరీక్షించాలి. ఉదయగిరి వైపు రోహిణి కార్తె ఎండలో చెమట కారి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలూ పెంచుతాయి. చేతులు బాగా వణకడం, తూలడం, వాంతులు, విరేచనాలు కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. ఎండలో పనికి పోయేవాళ్లు నీళ్లు, మజ్జిగ తాగుతుండాలి, ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. ఈ నాలుగు ముక్కలు లిథియం రాసే ప్రతిచోటా తెలుగులో చెప్పి పంపాలి.

ఇక నిద్రమాత్రలు. ఆల్ప్రాజోలం లాంటివి చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నాయి. అయినా ‘నిద్ర బిళ్ల’ అంటే చేతికొచ్చే చోట్లు ఉన్నాయని అందరికీ తెలుసు. కొద్ది రోజులకు, డాక్టరు చూస్తుండగా వాడితే వీటికీ చోటుంది. నెలలతరబడి వాడితే అదే మోతాదు చాలదు, ఆపితే నిద్ర మునుపటి కంటే చెడుతుంది. ఈ పట్టు ఎంత గట్టిదో 2015లో తెలంగాణ చూసింది. కల్తీ కల్లు మీద దాడులు జరిగాక, ఆల్ప్రాజోలం, డైజీపామ్ కలిసిన కల్లుకు అలవాటుపడ్డ జనం నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు ఆసుపత్రుల ముందు బారులు తీరారు. వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులు. కల్లు అనుకుని తాగినవాళ్లకు తాము నిద్రమాత్రల బానిసలమని అప్పటిదాకా తెలియదు. ఇంకో ముప్పు, బైపోలార్‌ను మామూలు డిప్రెషన్‌గా పొరబడి డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే కొందరిలో మానియా ఎగదన్నవచ్చు. ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా హుషారుగా తిరిగిన రోజులు ఉన్నాయా అన్న ప్రశ్న అందుకే ముఖ్యం. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి.

ఈ ప్రాంతంలో మనసు చెదిరిన మనిషిని తీసుకుని కుటుంబాలు మొదట పోయేది తరచుగా దేవుడి దగ్గరికే. ఆత్మకూరుకు దగ్గర్లోని అనుమసముద్రంపేట దర్గాకు కులమతాలతో పనిలేకుండా వస్తారు, అక్కడ రాత్రులు నిద్ర చేస్తారు. దీన్ని వెక్కిరించే హేతువాదంతో నాకు పేచీ ఉంది. తమిళనాడులోని ముత్తుస్వామి గుడిలో మందులేమీ లేకుండా సగటున ఆరు వారాలు ఉన్న 31 మందిని ఆర్. రఘురాం బృందం పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. వాళ్ల జబ్బు తీవ్రత సుమారు 20 శాతం తగ్గింది. గుడిలో వాళ్లకు దక్కినవి పెద్ద మంత్రాలు కావు, కాస్త పని, వెంట ఉన్న కుటుంబం, తప్పుపట్టని చోటు. వేళకు లేవడం, వేళకు పడుకోవడం కూడా అందులో భాగమై ఉంటాయని నా ఊహ. అయితే దేవుడి పేరు చెప్పి గొలుసులు వేసేవాళ్లూ ఉన్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో చనిపోయారు. దర్గాకు పోండి, గుడికి పోండి, మాత్రలు సంచిలో పెట్టుకుని పోండి. మొక్కు కోసం మందు ఆపడం, నిద్ర మానడం మాత్రం వద్దు.

మాత్ర లేని నిద్ర చికిత్స ఏమిటో ఇప్పుడు చూద్దాం. దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది ఇదేనని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. దీని గుండెకాయ లాంటి సూత్రం వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది: పడుకునే వేళను పట్టించుకోవద్దు, లేచే వేళను బిగించండి. రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి, లేచి వాకిట్లో వెలుగులో కాసేపు తిరగాలి. నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కాలి. ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, మళ్లీ కళ్లు బరువెక్కాకే రావాలి. గడియారం చూడకూడదు. ఇది రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన పద్ధతి. మంచం మీద గంటలకొద్దీ దొర్లే మనిషి మెదడు మంచాన్ని చూడగానే మేలుకోవడం నేర్చుకుంటుంది. ఆ పాఠాన్ని మరిపించడమే ఇక్కడ పని. ఇల్లంతా ఒకటే గది అయినప్పుడు లేచి ఎక్కడికి పోవాలి? అరుగు మీదికి. అరుగు లేకపోతే చాప మడిచి గోడకు ఆనుకుని కూర్చున్నా చాలు, ఫోను మాత్రం చేతిలోకి తీసుకోకండి.

రెండో భాగం ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రకటించింది. రాత్రి పదింటికి మంచమెక్కి ఆరింటికి దిగేవాడికి నిజంగా పట్టేది ఐదున్నర గంటలే అయితే, మంచం మీద గడిపే సమయాన్నే దాదాపు ఐదున్నరకు కుదించి, నిద్ర చిక్కబడ్డాక వారానికి పావుగంట చొప్పున పెంచుతారు. బాగా పనిచేస్తుంది. కానీ బైపోలార్ ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా చేయకూడదు. నిద్రను కోస్తే ఏమవుతుందో పైన చూశాం కదా. అలిసన్ హార్వీ బృందం బైపోలార్ వాళ్ల కోసం పద్ధతిని మార్చి, మంచం మీది సమయాన్ని ఆరున్నర గంటలకు తగ్గకుండా ఉంచింది. 2015లో ప్రకటించిన ఫలితాల్లో 58 మంది ఉన్నారు. చికిత్స తర్వాత ఆరు నెలల్లో ఈ నిద్ర చికిత్స పొందినవాళ్లు జబ్బు దశలో గడిపిన రోజులు సగటున 3.3, జబ్బు గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్లకు 25.5. చిన్న ప్రయోగమే అయినా అలక్ష్యం చేయదగ్గది కాదు. ఎలెన్ ఫ్రాంక్ పిట్స్‌బర్గ్‌లో తీర్చిన ఇంకో చికిత్స మొత్తం దినచర్య మీదే నిలబడింది. లేచే వేళ, మొదటి మనిషితో మాట్లాడే వేళ, పని మొదలెట్టే వేళ, తినే వేళ, పడుకునే వేళ. ఈ ఐదింటినీ రోజూ రాసుకోవడం, అవి చెదిరిన రోజు మనసు ఎలా ఉందో పక్కన గుర్తుపెట్టుకోవడం. పిల్లల పాత నోటుబుక్కులో చేయగలిగిన పని.

పొంగే దశ మొదలైనట్టు అనిపించినప్పుడు చీకటి కూడా మందే. నార్వేలో ఆసుపత్రిలో చేరిన మానియా రోగులకు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా నీలి వెలుగును ఆపే నారింజరంగు కళ్లద్దాలు పెట్టిస్తే వారం రోజుల్లోనే లక్షణాలు బాగా తగ్గాయని 2016లో ప్రకటించారు. వాళ్లు మందులు వాడుతూనే కళ్లద్దాలు పెట్టుకున్నారని మరవకూడదు. అద్దాలు లేకపోయినా పొద్దు గూకాక ట్యూబులైటు ఆర్పి చిన్న దీపం పెట్టుకోవడం, టీవీ కట్టేయడం ఎవరికైనా సాధ్యమే.

ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. అందరికంటే చివర పడుకుని అందరికంటే ముందు లేచే మనిషికి ‘ఎనిమిది గంటలు పడుకోండి’ అనే సలహా అవమానంలాంటిది. ఆమె నిద్ర ఇంటివాళ్లంతా కలిసి కల్పించాల్సింది. అంట్లు ఒకరు తోమితే, నీళ్లు ఒకరు పడితే ఆమెకో గంట మిగులుతుంది. ఇంకా చూడవలసినవి ఉన్నాయి. రక్తహీనత ఉన్నవాళ్లకు రాత్రి కాళ్లు పీకి, ఆడించకుండా ఉండలేని జబ్బు రావచ్చు, ఇనుము తక్కువైతే అది ముదురుతుంది. ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో కీళ్ల నొప్పులే నిద్ర చెరుపుతాయి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు మద్యం, నిద్రమాత్ర రెండూ ప్రమాదమే. ఇవన్నీ ‘యోచన జాస్తి’ అనే ఒక్క మాట కింద కప్పెట్టేస్తున్నాం.

బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో డిప్రెషన్ ఉన్నవాళ్లలో దాదాపు 85 శాతం, బైపోలార్ ఉన్నవాళ్లలో 70 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆంధ్రప్రదేశ్ ఆ పన్నెండులో లేదు. మెట్ట ఊరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి రావాలంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు. ఈ దూరం ఉన్నంతకాలం అంకెలు పెద్దగా మారవు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ కొంత దారి తెరిచింది. 14416కి ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి బతుకు వద్దనిపించినప్పుడు చేయవలసిన నంబరు కూడా అదే. నిద్రలేమి ఆత్మహత్య ఆలోచనలను పెంచుతుందన్నది గట్టిగా రుజువైన సంగతి. కాబట్టి అలాంటి మనిషి ఇంట్లో ఉంటే పురుగుమందు డబ్బాలను ఈ రోజే తాళం వేసిన చోటికి మార్చండి.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలుగా నిద్ర చెడి మనసు కుంగి ఉన్నా, రెండు రాత్రులు నిద్ర లేకుండా అలుపు తెలియక తిరుగుతున్నా, వారం ఆగి చూద్దాం అనుకోకండి. ఫోను చేయండి, లేదా మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి. పోయేటప్పుడు గత పది రోజులుగా ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.